కొండెక్కిన కడలి అడుగు

లేహ్ నుంచి సింధు నది వెంబడి తూర్పుగా వెళ్తే, న్యోమాకు దగ్గర్లో నిదర్ అనే చిన్న ఊరు ఉంది. సముద్ర మట్టానికి 4,000 మీటర్లకు పైన ఉన్న ఈ చోట చెట్టూచేమా అంతంత మాత్రం. చుట్టుపక్కల కొండల్లో ఎండకూ మంచుకూ తుప్పు రంగుకు తిరిగిన రాళ్లు కనిపిస్తాయి. సుత్తితో ఒక దెబ్బ వేస్తే లోపల ముదురు ఆకుపచ్చ బయటపడుతుంది. ఆ రాళ్లు పుట్టింది కొండ మీద కాదు. సముద్రం అడుగున కూడా కాదు. ఆ అడుగుకూ కింద, మ్యాంటిల్ అని పిలిచే పొరలో. భూమి ఘనపరిమాణంలో దాదాపు 84 శాతం ఆ పొరే. అందులోంచి నేరుగా ఒక ముక్క చేతిలోకి తీసుకోవాలని మనిషి పడ్డ పాట్లు తెలిస్తే, నిదర్ రాళ్ల విలువ అర్థమవుతుంది.

ఖండాల కింద మ్యాంటిల్‌ను చేరాలంటే 35 నుంచి 40 కిలోమీటర్లు దిగాలి. హిమాలయాల కింద ఆ లోతు 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. సముద్రాల కిందైతే ఆరేడు కిలోమీటర్లు చాలు. అందుకే అమెరికన్లు మొదట సముద్రాన్నే ఎంచుకున్నారు. 1961లో మెక్సికోకు చెందిన గ్వాడలూప్ దీవి దగ్గర, మూడున్నర కిలోమీటర్ల నీటి అడుగున, మోహోల్ ప్రాజెక్టు పేరుతో 183 మీటర్లు తవ్వారు. ఖర్చు పెరిగింది, తగాదాలు ముదిరాయి, 1966లో అమెరికన్ కాంగ్రెస్ నిధులు ఆపేసింది. సోవియట్ యూనియన్ 1970లో కోలా ద్వీపకల్పంలో నేల మీదే మొదలుపెట్టి 12,262 మీటర్ల దాకా వెళ్లింది. కింద వేడి 180 డిగ్రీలకు చేరడంతో అక్కడితో ఆగాల్సి వచ్చింది. అప్పటికి దాటింది పైపొరలో మూడో వంతు కూడా కాదు. 2023లో జోయిడిస్ రిజల్యూషన్ అనే నౌక అట్లాంటిక్ మధ్యలో 1,268 మీటర్ల లోతు నుంచి మ్యాంటిల్ శిలలను వెలికి తీసింది. అదొక రికార్డు. అయితే అక్కడ భూమి పగిలి మ్యాంటిల్ తనంత తానే సముద్రపు అడుగు దాకా పైకొచ్చింది. పైపొరను పూర్తిగా తొలిచి కిందికి దిగినవారు ఇప్పటికీ లేరు. ఆ నౌక కూడా 2024లో విశ్రాంతి తీసుకుంది.

ఇంత ఖర్చు పెట్టి వెతుకుతున్న సరుకే కొన్ని పర్వత శ్రేణుల్లో వరుసగా పరిచి ఉంది. వీటిని ఒఫియోలైట్లు అంటారు. గ్రీకు భాషలో 'ఒఫిస్' అంటే పాము. మ్యాంటిల్ శిలకు నీరు తగిలితే అది సర్పెంటైన్‌గా మారుతుంది. మచ్చలు మచ్చలుగా, చేత్తో తడిమితే నున్నగా, అచ్చం పాము చర్మంలా ఉంటుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ బ్రోన్యార్ 19వ శతాబ్ది తొలినాళ్లలో ఈ పేరు పెట్టేనాటికి అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత జర్మన్ శాస్త్రవేత్త గుస్టావ్ స్టైన్‌మన్ ఒక విషయం గమనించారు. ఆల్ప్స్ పర్వతాల్లో ఈ పాము రాయి ఉన్నచోటల్లా నల్లటి లావా, ఎర్రటి చెర్ట్ రాయి జంటగా కనిపిస్తున్నాయి. ఎర్రరాయిలో ఉన్నవి లోతు సముద్రంలో బతికే రేడియోలేరియా అనే సూక్ష్మజీవుల గుల్లలు. అంటే కొండకూ కడలికీ ఏదో లంకె ఉంది. అదేమిటో తేలడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది.

తేల్చిన చోటు సైప్రస్. రాగికి లాటిన్‌లో ఉన్న పేరు ఆ దీవి నుంచే వచ్చింది. ఆ రాగి గనులున్న ట్రూడోస్ పర్వతాన్ని 1950లలో సర్వే చేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త ఇయాన్ గాస్, అది పురాతన సముద్రపు అడుగు ముక్క కావచ్చని 1968లో ప్రతిపాదించారు. ఆధారం కొండలోనే ఉంది. పైన దిండ్లు పేర్చినట్టు గుండ్రటి లావా ముద్దలు. లావా నీటిలోకి ఉబికినప్పుడు పైతోలు చటుక్కున గట్టిపడి ఆ ఆకారం వస్తుంది. వాటి కింద, బండల దుకాణం ముందు కడప బండలను నిలువునా చేర్చి పెట్టినట్టు, పక్కపక్కన వందల కొద్దీ రాతి పలకలు. సముద్రపు అడుగు మధ్యకు చీలి రెండు వైపులకూ జరిగిన ప్రతిసారీ ఆ చీలికలోకి కరిగిన రాయి ఎగదన్ని గడ్డకట్టింది. ఒక్కో పలక ఒక్కో చీలికకు గుర్తు. ఇంకా కింద నెమ్మదిగా చల్లారిన గాబ్రో. అన్నిటికన్నా అడుగున, కరిగి పోయింది పోగా మిగిలిన పిప్పిలాంటి మ్యాంటిల్ శిల పెరిడొటైట్. సముద్రాల నడుమ కొత్త నేల పుడుతుందని అప్పుడే చెబుతున్న పలకల సిద్ధాంతానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు. 1972లో అమెరికాలో జరిగిన పెన్‌రోజ్ సదస్సు ఈ వరుసనే ఒఫియోలైట్‌కు నిర్వచనంగా ఖాయం చేసింది.

హిమాలయాల కథ అంతకుముందే మొదలైంది, కాస్త నాటకీయంగా. 1936లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఆర్నాల్డ్ హైమ్, అగుస్టో గాన్సర్ కుమావోన్ హిమాలయాల్లో సర్వేకు వచ్చారు. టిబెట్‌లోకి విదేశీయులకు అనుమతి లేదు. పాతికేళ్ల గాన్సర్ బౌద్ధ యాత్రికుడి వేషం వేసుకుని, పరికరాలు దాచుకుని సరిహద్దు దాటారు, కైలాస ప్రదక్షిణ కూడా చేశారు. మానస సరోవరానికి, రాక్షస తాల్‌కు వెళ్లే యాత్రికులు ఎన్ని వందల ఏళ్లుగానో ఆ రాళ్ల మీదుగా నడుస్తూనే ఉన్నారు. గాన్సర్ అవేమిటో గుర్తుపట్టారు. అవి సముద్రపు అడుగు రాళ్లు. పలకల సిద్ధాంతం రావడానికి ఇంకా ముప్పై ఏళ్లు ఉంది. భారత భూభాగానికీ టిబెట్‌కూ మధ్య ఒకప్పుడు సముద్రం ఉండేదని, అది మూసుకుపోయిన గీత ఇదేనని ఆయన పరిశీలనలు తర్వాత రూఢి చేశాయి. 1964లో వచ్చిన ఆయన హిమాలయ భూగర్భ గ్రంథాన్ని ఇప్పటికీ పరిశోధకులు తిరగేస్తుంటారు. ఆయన 2012లో, 101 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆ సముద్రానికి పేరు టెథిస్. ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎడువర్డ్ స్యూస్ 1893లో గ్రీకు సముద్ర దేవత పేరు పెట్టారు. భారత ఖండం ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా వేగంతో ఉత్తరానికి దూసుకొస్తున్న కాలంలో టెథిస్ అడుగు ఆసియా కిందికి జారిపోయింది. సుమారు 5 నుంచి 6 కోట్ల ఏళ్ల కిందట రెండు ఖండాలూ ఢీకొన్నాయి. ఆ రెంటినీ కలిపిన కుట్టు రేఖ లద్దాఖ్‌లో సింధు లోయ వెంట, టిబెట్‌లో సాంగ్‌పో వెంట సాగుతుంది. కుట్టులో అక్కడక్కడా చిక్కుకుపోయిన దారపు పోగులే నిదర్, స్పోంగ్‌టాంగ్ వంటి ఒఫియోలైట్లు. స్పోంగ్‌టాంగ్ మరీ విచిత్రం. కుట్టుకు దక్షిణంగా దూరం జరిగి, జంస్కార్ సున్నపురాతి కొండల నెత్తిన టోపీలా కూర్చుంది.

ఇక్కడే పాఠకుడికి ఒక సందేహం రావాలి. మ్యాంటిల్ శిల బరువైనది. నీటితో పోలిస్తే 3.3 రెట్లు బరువు. ఖండపు రాయి 2.7 రెట్లే. బరువైనది కిందికి జారాలి గానీ తేలికైనదాని పైకి ఎలా ఎక్కింది? నిజానికి అది ఎక్కలేదు. ఖండమే దాని కిందికి దూరింది. సముద్రపు పలకను లాక్కుపోతున్న జారుడులో వెనకే వచ్చిన ఖండపు అంచు కూడా అవతలి సముద్రపు పలక కిందికి వెళ్లింది. తేలికగా ఉండటంతో ఎక్కువ లోతు దిగలేక మధ్యలో ఇరుక్కుని, జారుడు ఆగాక తిరిగి పైకి లేచింది. లేస్తూ నెత్తి మీది సముద్రపు అడుగును కూడా ఎత్తుకొచ్చింది. ఒమన్‌లోని హజర్ పర్వతాల్లో దాదాపు 500 కిలోమీటర్ల పొడవున ఇదే జరిగింది. అక్కడి సముద్రపు నేల పుట్టి సుమారు 9.5 కోట్ల ఏళ్లు. నిదర్‌ది ఇంకా పాతది, దాదాపు 14 కోట్ల ఏళ్లు.

ఈ వివరణతో ఒక ఇబ్బంది కూడా బయటపడింది. జపాన్ శాస్త్రవేత్త అకిహో మియాషిరో 1973లో ట్రూడోస్ లావాల రసాయన కూర్పు చూసి, ఇవి నడి సముద్రంలో పుట్టినవి కావని, ఒక పలక మరో పలక కిందికి జారే చోట దీవుల వరుసలో పుట్టినవని రాశారు. పెన్‌రోజ్ నిర్వచనం వచ్చి ఏడాదైనా కాలేదు. సహచరులు ఆయన మీద విరుచుకుపడ్డారు. తర్వాతి దశాబ్దాలు మియాషిరో వైపే మొగ్గాయి. ఒమన్, నిదర్ సహా చాలా ఒఫియోలైట్లు జారుడు అంచుల దగ్గర పుట్టినవేనని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తారు. అంటే టెథిస్ నడి వయసు నాటి నేల దాదాపు అంతా మ్యాంటిల్‌లోకి వెళ్లిపోయింది. కొండల మీద మిగిలినవి ఆ సముద్రం మూసుకుపోవడం మొదలయ్యాక, అంచుల్లో పుట్టిన ముక్కలు. వేల కిలోమీటర్ల వెడల్పున్న సముద్రానికి కొన్ని పదుల కిలోమీటర్ల చొప్పున అక్కడొకటి ఇక్కడొకటి. వాటిలో ఒక్కటి పోయినా దాని బదులు చూపడానికి రెండోది ఉండదు.

ఆ ముక్కల నుంచి ఇంకా కొత్త సంగతులు వస్తూనే ఉన్నాయి. నిదర్ పెరిడొటైట్‌లో సూక్ష్మమైన వజ్రపు రేణువులు ఉన్నాయని, అవి 400 కిలోమీటర్లకు పైబడిన లోతును సూచిస్తున్నాయని 2017లో డెహ్రాడూన్‌లోని వాడియా హిమాలయన్ భూగర్భ సంస్థ శాస్త్రవేత్త కూడా ఉన్న బృందం ప్రకటించింది. టిబెట్‌లోని లువోబుసా క్రోమైట్‌లోనూ వజ్రాలు దొరికాయని చైనా పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆరేడు కిలోమీటర్ల లోతున ఉండాల్సిన రాయిలోకి అంత కింది వజ్రం ఎలా వచ్చింది? ఒఫియోలైట్లలో దొరికిన వజ్రాలు రాళ్లు పిండి చేసే యంత్రాల నుంచి అంటుకున్న కృత్రిమ వజ్రాలని కొందరు, అంత లోతు లేకుండానే పుట్టగలవని మరికొందరు వాదిస్తున్నారు. వాదన తెగాలంటే మళ్లీ అదే కొండకు వెళ్లి, అదే రాయిని, అది ఉన్న చోటే చూడాలి.

మూసుకుపోయిన సముద్రానికి లద్దాఖ్ ఒక అంచు మాత్రమే. అదే గీత తూర్పున వంపు తిరిగి నాగాలాండ్, మణిపూర్‌ల మీదుగా మయన్మార్ సరిహద్దు వెంట దిగి, బంగాళాఖాతంలో అండమాన్ దీవులుగా తేలుతుంది. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో కార్బిన్స్ కోవ్ బీచ్‌కు వెళ్లేవారు దిండు లావాల పక్కగానే నడుస్తారు. దక్షిణాన రట్లాండ్ దీవిలో మ్యాంటిల్ శిల బయటపడి ఉంది. లద్దాఖ్‌లో కోట్ల ఏళ్ల కిందట ముగిసిన పని ఇక్కడ ఇంకా నడుస్తోంది. 2004 డిసెంబర్ 26న సుమత్రా నుంచి అండమాన్ దాకా పలక కదిలినప్పుడు ఉత్తర అండమాన్ పడమటి తీరం మీటరు దాకా పైకి లేచి పగడపు దిబ్బలు గాలిలో తేలాయి. ఆ కదలికే సునామీగా ఆంధ్ర తీరానికీ వచ్చింది.

తెలుగు నేల మీద కూడా ఇలాంటి గుర్తులున్నాయన్నది కాస్త ఆశ్చర్యం కలిగించే మాట. నెల్లూరు జిల్లా కండ్ర ప్రాంతంలో గాబ్రో, నిలువు పలకలు, దిండు లావాలు 185 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగువని 2010లో పరిశోధకులు ప్రతిపాదించారు. కనిగిరి దగ్గరి ముక్కల వయసు సుమారు 133 కోట్ల ఏళ్లుగా తేల్చారు. హిమాలయం అనే ఆలోచన కూడా లేని కాలం అది. తూర్పు కనుమలు దక్కన్ అంచుకు అతుక్కోవడానికి ముందు మధ్యలో ఒక సముద్రం ఉండేదని దీని అర్థం. ఇంత పాత రాళ్లు మళ్లీ మళ్లీ ఉడికి, నలిగి ఉంటాయి గనుక ఈ వాదనను అందరూ ఒప్పుకోరు. నిదర్‌లో కళ్లెదుట కనిపించేది ఇక్కడ రసాయన పరీక్షల్లో వెతుక్కోవాలి.

శాస్త్రవేత్తల ఆసక్తి ఇదైతే, గనుల వారి ఆసక్తి వేరు. మ్యాంటిల్ శిలలో క్రోమైట్ మూటల్లా అక్కడక్కడా దొరుకుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు అది లేకపోతే కుదరదు. బలూచిస్థాన్‌లోని ముస్లిం బాగ్‌లో, అప్పటి పేరు హిందూబాగ్, 20వ శతాబ్ది ఆరంభం నుంచే క్రోమైట్ తవ్వుతున్నారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆ ఖనిజం మోయడానికే బ్రిటిష్ వారు కొండల మీద నారోగేజ్ రైలు వేశారు. 1980లలో రైలు ఆగిపోయింది గానీ తవ్వకం ఆగలేదు. భారతదేశపు క్రోమైట్‌లో 90 శాతానికి పైగా ఒడిశాలోని సుకిందా లోయదే. అది ఇంకా ఎంతో పాత శిల. అయితే క్రోమైట్ తవ్వకం ఏం చేయగలదో అక్కడే చూడవచ్చు. గనుల నీటిలో చేరిన హెక్సావాలెంట్ క్రోమియం వల్ల 2007లో అమెరికాకు చెందిన బ్లాక్‌స్మిత్ ఇన్‌స్టిట్యూట్ ఆ లోయను ప్రపంచంలోని అతి కలుషిత ప్రాంతాల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు చూపు ఈశాన్యం మీద పడుతోంది. కేంద్రం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో నికెల్, కోబాల్ట్, ప్లాటినం వర్గపు లోహాలు ఉన్నాయి. మూడూ ఒఫియోలైట్లలో వెతికే సరుకులే. నాగాలాండ్‌లోని ఫోక్‌ఫుర్ దగ్గర నికెల్, క్రోమియం కలిసిన మాగ్నటైట్ ఉన్న సంగతి దశాబ్దాలుగా తెలుసు. మణిపూర్ ఉఖ్రుల్ ప్రాంతంలో షిరుయ్, లుంఘర్ తదితర చోట్ల క్రోమైట్‌ను గుర్తించారు. షిరుయ్ పేరు పూల ప్రేమికులు వేరే కారణంగా విని ఉంటారు. లేత గులాబీ రంగు షిరుయ్ లిల్లీ మణిపూర్ రాష్ట్ర పుష్పం. బ్రిటిష్ వృక్ష అన్వేషకుడు ఫ్రాంక్ కింగ్డన్ వార్డ్ 1946లో దాన్ని చూసి తన భార్య జీన్ మాక్లిన్ పేరు పెట్టారు. కొండ మీద పువ్వు, కింద క్రోమైట్. తవ్వకాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా అక్కడి తంగ్‌ఖుల్ నాగా గ్రామాలు వ్యతిరేకిస్తూ వచ్చాయి.

తవ్వకుండానే ఈ రాళ్లతో పని పడే రోజు కూడా రావచ్చు. పెరిడొటైట్‌కు నీరు తగిలి సర్పెంటైన్‌గా మారేటప్పుడు ఇనుము ఆక్సిజన్‌ను లాక్కుంటుంది, హైడ్రోజన్ విడుదలవుతుంది. అల్బేనియాలోని బుల్కీజా క్రోమైట్ గనిలో గతంలో పేలుళ్లకు కారణం అదే. ఆ గని నుంచి ఏటా కనీసం 200 టన్నుల హైడ్రోజన్ బయటికొస్తోందని, వాయువులో 84 శాతం అదేనని 2024లో లెక్కగట్టారు. టర్కీ తీరంలో యనార్తాష్ కొండ మీద ప్రాచీన కాలం నుంచి ఆరకుండా వెలుగుతున్న మంటలకూ మూలం ఇలాంటి రాళ్లే. మరోవైపు అదే శిల గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని తెల్లటి సున్నపు ఖనిజంగా మారుస్తుంది. ఒమన్ కొండల్లో తెల్లటి చారలు అలా ఏర్పడినవే. ఆ పనిని వేగవంతం చేయడానికి 44.01 అనే సంస్థ అక్కడ కార్బన్ డయాక్సైడ్ కలిపిన నీటిని రాతిలోకి పంపి చూస్తోంది. ఆ పేరు కార్బన్ డయాక్సైడ్ అణుభారం. భారత్‌లోని ఒఫియోలైట్లు ఒమన్ అంత పెద్దవి కావు, చేరుకోవడం కూడా కష్టం. వాటి మీద పెద్ద ఆశలు పెట్టుకోవడం తొందరపాటే.

ఇంతటి రాళ్లకు రక్షణ మాత్రం కాగితం మీదే ఉంది. నాగాలాండ్‌లో పుంగ్రో దగ్గరి ఒఫియోలైట్ స్థలాన్ని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూగర్భ వారసత్వ స్థలంగా గుర్తించింది. కానీ పురావస్తు కట్టడాలకు ఉన్నలాంటి చట్టం రాళ్లకు లేదు. భూవారసత్వ స్థలాల పరిరక్షణకు గనుల శాఖ 2022 డిసెంబర్‌లో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. అధికారాలన్నీ సర్వే చేతిలోనే పెట్టారని శాస్త్రవేత్తలు అప్పుడే అభ్యంతరం చెప్పారు. అభ్యంతరంలో పస ఉంది. గనుల శాఖ కింద పనిచేస్తూ ఖనిజాలు వెతికే సంస్థే ఏ కొండను వదలాలో కూడా నిర్ణయించడం సబబు కాదు. పైగా నాగాలాండ్‌లో భూమి, దాని వనరుల యాజమాన్యానికి సంబంధించి పార్లమెంటు చేసే చట్టం రాష్ట్ర శాసనసభ తీర్మానం లేనిదే వర్తించదని రాజ్యాంగంలోని 371ఎ అధికరణం చెబుతోంది. పుంగ్రో విషయంలో ఢిల్లీ ఎంత పకడ్బందీ చట్టం తెచ్చినా ముందు కోహిమాను, అక్కడి గ్రామ సభలను ఒప్పించాలి.

ఆ లోగా చేయదగిన పని ఒకటుంది. క్రోమైట్ మూట చుట్టూ డ్యూనైట్ అనే శిల తొడుగులా ఉంటుంది, దాని చుట్టూ మిగతా పెరిడొటైట్. లోతున కరిగిన రాయి ఏ దారిన పైకి వెళ్లిందో చెప్పేది ఆ తొడుగే. గనివారికి అది పనికిరాని మట్టి, మొదట తవ్వి పారబోసేది కూడా దాన్నే. లీజు ఇచ్చే ముందు ఆ హద్దులను పటంలో గీసి, నమూనాలు తీసి, ఎక్కడివో రాసి భద్రపరచాలని ఒక షరతు పెడితే గని ఖర్చులో అది లెక్కకు రాదు.